పేపర్ తెలుగులో, పుస్తకం ఇంగ్లీషులో: పలాస నుంచి సీయూఈటీ రాసిన నా అనుభవం

ఫ్రెండ్స్, మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక ఊరు. గవర్నమెంట్ కాలేజీలో హెచ్ఈసీ తెలుగు మీడియం చదివి 2025లో సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి దేశమంతా పెట్టే ఎంట్రన్స్ రాసాను, ఇప్పుడు ఒక సెంట్రల్ యూనివర్సిటీలో బీఏ ఫస్టియర్. మన వైపు ఎంసెట్ అంటే ఊరంతా తెలుసు, సీయూఈటీ అంటే మాత్రం "అదేటి" అంటారు. విజయనగరంలో 2019 నుంచి సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీ ఉంది కదా, అందులో డిగ్రీ సీటు కావాలన్నా ఈ పరీక్షే రాయాలని నాకు ఇంటర్ సెకండియర్ సగం అయ్యాక గానీ తెలియలేదు. అందుకే రాస్తున్నా, మీకు అంత ఆలస్యం కాకూడదని.

2025లో పరీక్ష ఇలా జరిగింది. ఎక్కువలో ఎక్కువ 5 సబ్జెక్టులు, ఒక్కోదానికి 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, 250 మార్కులు, రైట్ అయితే 5, తప్పయితే మైనస్ 1, అంతా కంప్యూటర్ మీదే. నేను తెలుగు, హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, జనరల్ టెస్ట్ పెట్టుకున్నాను. మీరు మాత్రం ముందు యూనివర్సిటీ సైట్లో ఏ కోర్సుకి ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చూసుకుని తర్వాతే ఫామ్ నింపండి, నాతో రాసిన ఒకమ్మాయి మంచి మార్కులే తెచ్చుకుంది గానీ ఆ కోర్సుకి కావాల్సిన లాంగ్వేజ్ పేపర్ పెట్టకపోవడంతో అప్లై చేయడానికే లేకపోయింది.

ఇక అసలు కష్టం. పేపర్ 13 భాషల్లో ఇస్తారు, అందులో తెలుగు ఉంది, ఇది నిజంగా మంచి పని, కాదనను. కానీ సిలబస్ సీబీఎస్ఈ స్కూళ్ళల్లో చదివే ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాలది, నేను వెతికినప్పుడు అవి ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లోనే దొరికాయి. మన ఇంటర్ తెలుగు అకాడమీ పుస్తకం వేరు, దాని వరస వేరు. అంటే తెలుగులో రాయాల్సిన పరీక్షకి ఇంగ్లీషులో చదవాలి, చదివింది మళ్ళీ మనసులో తెలుగులోకి తిప్పుకోవాలి, హిందీ మీడియం పిల్లకి ఈ పని లేదు, ఇంగ్లీషు మీడియం పిల్లకీ లేదు. అందరికీ ఒకే పేపర్ ఇస్తే సమానం అయిపోయిందనుకుంటారు గానీ పేపర్ వెనక పుస్తకం కూడా ఉండాలి కదా.

నేను ఏం చేసానంటే ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొని పేజీ మధ్యలో గీత గీసాను, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు. ఫిస్కల్ డెఫిసిట్ అని ఎడమ రాస్తే కుడి పక్క రెండు వచ్చాయి, అకాడమీ పుస్తకంలో కోశ లోటు, న్యూస్ పేపర్లో ద్రవ్యలోటు. మార్జినల్ ప్రొపెన్సిటీ టు కన్స్యూమ్ అంటే ఉపాంత వినియోగ ప్రవృత్తి, ఇది నోటికి పట్టడానికే రెండ్రోజులు. పరీక్షలో ఏ మాట వస్తుందో తెలీదు కాబట్టి రెండూ రాసుకున్నాను. రాత్రి అమ్మ జీడి ఫ్యాక్టరీ నుంచి వచ్చాకే ఫోన్ నా చేతికొచ్చేది, పిక్కల రసం పట్టి నల్లబడిపోయిన వేళ్ళతో అమ్మే లాక్ తీసి ఇచ్చి "ఏటే గుంటా, ఇంకా ఆ మాటలేనా" అనేది. అలా మూడు నెలల్లో నోట్‌బుక్ నిండిపోయింది.

ఇంకోటి, తెలుగు వాక్యం అర్థం కాకపోతే అక్కడే ఆగిపోకండి, ఇంగ్లీషు వెర్షన్ కూడా చూడండి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే ఫైనల్ అని రూల్. పరీక్ష అయ్యాక వాళ్ళు ఇచ్చే ఆన్సర్ కీ మీద అభ్యంతరం పెట్టాలంటే ప్రశ్నకి 200 రూపాయలు, మన మాట రైట్ అయినా ఆ డబ్బు తిరిగి రాదు, దీన్ని మాత్రం నేను ఒప్పుకోలేను, తప్పు వాళ్ళ వైపు ఉందని తేలితే వెనక్కి ఇవ్వాలి.

కంప్యూటర్ సంగతి. నేను మౌస్ పట్టుకుంది కాశీబుగ్గలో ఒక నెట్ సెంటర్లో, పరీక్షకి నెల ముందు. మొదటి మాక్ టెస్టులో (ప్రాక్టీసు పరీక్ష) నొక్కినచోట పడక 50లో 31 మాత్రమే చేసాను, ఆరో మాక్‌కి 48 అయ్యాయి, మధ్యలో కొత్తగా చదివిందేమీ లేదు, చెయ్యి అలవాటు పడిందంతే. ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైట్లో మాక్‌లు ఫ్రీయే, ఫోన్లో కాకుండా కంప్యూటర్ మీదే రాయండి. తెలియని ప్రశ్నకి భయపడి వదిలేయకండి, నాలుగు ఆప్షన్లలో రెండు ఖాయంగా కాదని తేలితే మిగతా రెండిట్లో ఒకటి పెట్టడమే లాభం, అలాంటివి రెండు చేసి ఒకటి తప్పినా 4 మార్కులు మిగులుతాయి.

నాకు సెంటర్ వైజాగ్‌లో పడింది, ముందురోజే రైలెక్కి గాజువాకలో మావయ్య వాళ్ళింట్లో పడుకున్నాను. చుట్టాలు లేనివాళ్ళకి లాడ్జి ఖర్చు, ఆడపిల్లయితే తోడు వచ్చినవాళ్ళ కూలి పోవడం, ఇవేవీ స్కోర్‌కార్డులో కనపడవు. 2024లో నీట్ పేపర్ లీక్ గొడవ తర్వాత ఇస్రో మాజీ చైర్మన్ రాధాకృష్ణన్ గారి కమిటీ వేసారు కదా, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో పరీక్ష సెంటర్లు పెట్టాలని, మారుమూల ప్రాంతాలకి బస్సుల్లో సెంటర్లు పంపాలని అది చెప్పింది. మన వెన్నెలవలస నవోదయలో అలాంటి సెంటర్ ఒకటి వస్తే ఎంతమంది ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరి రాసి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారో ఆలోచించండి. లీక్ అయితే టీవీల్లో చూపిస్తారు, దూరం గురించి ఎవరూ మాట్లాడరు.

స్కోర్ వచ్చాక దశాంశాలు చూసి కంగారు పడకండి. ఒకే సబ్జెక్టు వేరు వేరు షిఫ్టుల్లో పెడితే పేపర్లు వేరవుతాయి కాబట్టి మీ షిఫ్టులో మీ వెనక ఎంతమంది ఉన్నారో చూసి మార్కులు సర్దుతారు. పేపర్ కష్టంగా వస్తే అది మీ ఒక్కరికే కాదు, ఏడుస్తూ కూర్చుంటే తర్వాతి సబ్జెక్టు పోతుంది, నాకు హిస్టరీ తర్వాత అదే జరగబోయింది.

స్కోర్ వచ్చినంతమాత్రాన సీటు దానంతటదే రాదు, ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ సైట్లో మళ్ళీ రిజిస్టర్ అవ్వాలి, డేట్లు వేరు, ఫీజులు వేరు. క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు ముందే తీయించి పెట్టుకోండి.

ఆ నోట్‌బుక్ మా కాలేజీలో ఇచ్చేసాను. మొన్న సెలవులకి వెళ్ళి చూస్తే చివరి పేజీల్లో వేరే ఎవరిదో చేతిరాతలో పొలిటికల్ సైన్స్ మాటలు చేరాయి, కొన్నిటి పక్కన కుడివైపు ఇంకా ఖాళీగానే ఉంది, తెలిసినవి నేను నింపి వచ్చాను.