ఒకే మలేరియా, నాకో రకంగా తమ్ముడికో రకంగా

నాకూ తమ్ముడికీ మలేరియా దాదాపు ఒకేసారి వచ్చింది, రక్తపరీక్షలో ఇద్దరికీ ఫాల్సిపేరం అనే ఒకే రకం మలేరియా పరాన్నజీవే, కానీ వాడికి కాస్త ఒళ్ళు వెచ్చబడి తలనొప్పితో సరిపోయింది, నేనేమో హాస్పిటల్లో పడ్డా. చలి మొదలైతే పళ్ళు టకటకా కొట్టుకునేవి, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగేది కాదు, తర్వాత ఒళ్ళు కాలిపోయేది, ఆ తర్వాత చెమటలు, దిండు పిండితే నీళ్ళు కారేంత. మాత్ర వేసుకోగానే వాంతి, అందుకే ముందు ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చి తర్వాత మాత్రలకి మార్చారు.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ నీకసలు రెసిస్టెన్స్ లేదమ్మా అనేవాళ్ళు. చాలా బాధేసేది. డాక్టర్ గారిని అడిగితే అలా ఏం కాదమ్మా అన్నారు. పరాన్నజీవి ఎర్ర రక్తకణాన్ని పగలగొట్టుకుని బయటికొచ్చినప్పుడు మన రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ లాంటి పదార్థాలు వదుల్తాయట, ఆ చలీ జ్వరం చాలావరకు వాటి వల్లే, పరాన్నజీవిని అణిచేదీ అవే, మితిమీరితే మనల్ని దెబ్బతీసేవీ అవే.

అప్పట్నించి దొరికిందల్లా చదివా. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా పిల్లల మీద 1991లో వచ్చిన స్టడీలో హెచ్‌ఎల్‌ఏ-బి53 అనే రకం (క్రిముల్ని గుర్తుపట్టడంలో రోగనిరోధక కణాలకి సాయపడే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల్లో ఒకటి) ఉన్నవాళ్ళకి మలేరియా ముదరడం తక్కువని తేలింది, 1994లో అక్కడే టీఎన్ఎఫ్ జన్యువులో ఒక మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పిల్లలకి మెదడుకెక్కే మలేరియా రిస్క్ ఎక్కువని తేలింది. మిగతా చోట్ల ఇవే ఫలితాలు అన్నిసార్లూ రాలేదు, అది కూడా చెప్పాలి. తోబుట్టువులైనా హెచ్‌ఎల్‌ఏ సెట్ పూర్తిగా కలిసే ఛాన్స్ నాలుగింట ఒక వంతే అని చదివినప్పుడు మాత్రం మనసు తేలికపడింది. నా జన్యువులు ఎవరూ టెస్ట్ చేయలేదు, ఇంతకుముందు మలేరియా వచ్చిందా, ట్రీట్‌మెంట్ ఎంత త్వరగా మొదలైంది, ఇలాంటివీ లెక్కలోకొస్తాయి, అయినా ఒళ్ళు ఎలా స్పందిస్తుందనేది నా చేతుల్లో ఉన్నది కాదు కదా.

తమ్ముడు బానే ఉన్నానక్కా అని మాత్రలు ఆపేయబోతే ఫోన్లో గట్టిగా చెప్పి మూడు రోజుల కోర్సూ వేయించా, జ్వరం లేకపోయినా రక్తంలో పరాన్నజీవి మిగిలితే దోమ ద్వారా ఇంకొకళ్ళకి పోతుంది, వాళ్ళకి నాలా ముదిరితేనో?

నాకు హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, ఐరన్ వాడుతున్నా, ఇప్పుడిప్పుడే మెట్లు ఆగకుండా ఎక్కగలుగుతున్నా.