ముద్ర పడని టికెట్

పన్నెండు దాటింది. మమ్మల్ని చూడ్డానికి పోలండ్‌లోని క్రాకోవ్‌కి వచ్చిన అక్కా బావగారూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు.

పొద్దున ట్రామ్‌లో బావగారికి ఫైన్ పడింది. టికెట్ కొన్నారు, జేబులోనే ఉంది. కానీ స్టాప్‌లో కొన్న కాగితం టికెట్‌ని ట్రామ్ ఎక్కగానే లోపలున్న చిన్న మిషన్‌లో పెట్టి టైము ముద్ర కొట్టించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే లెక్క. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ చేతికి టికెట్ ఇచ్చాడంటే పని అయిపోయినట్టే కదా, ఆయనకు ఆ అలవాటే ఉంది. "నువ్వు చెప్పలేదమ్మా" అన్నారు. ట్రామ్ దిగాక ఒకసారి, వావెల్ కోట ఎక్కుతూ ఒకసారి, రాత్రి పప్పన్నం కలుపుకుంటూ ఒకసారి.

మూడోసారికి నాకు ఒళ్లు మండింది. వాళ్లు రాకముందు నుంచీ ఏం చెప్పలేదు నేను? వావెల్‌లో ఒక్కో భాగానికి ఒక్కో టికెట్, ముందే కొనుక్కోవాలని చెప్పాను. ఇక్కడ యూరోలు కాదు, జ్లోటీలు అని చెప్పాను. పాత ఊళ్లో బండి అక్కర్లేదు, కోటగోడలు కూల్చిన చోట వేసిన ప్లాంటి పార్కు ఊరి చుట్టూ ఉంటుంది, చెట్ల కింద నడిచేయొచ్చని చెప్పాను. ఆయన విన్నదెక్కడ? ఫోన్‌లో ఏదో లిస్టు చూసి రేపటికి ప్లాన్ వేశారు. పొద్దున ఆష్విట్జ్, మధ్యాహ్నం వ్యెలిచ్కా ఉప్పు గని, సాయంత్రం షాపింగ్. ఆష్విట్జ్ అంటే నాజీలు పదకొండు లక్షల మందిని చంపిన శిబిరం. మేము వెళ్లొచ్చిన రోజు మావారు రాత్రి అన్నం ముట్టలేదు. దాన్ని గనికీ షాపింగ్‌కీ ముందు ఎలా ఇరికిస్తారు? నాకు మాట పెగల్లేదు.

అమ్మ వచ్చినప్పుడు ఇలా లేదు. అమ్మకు లిస్టే లేదు. రినెక్ చౌకులో బెంచీ మీద కూర్చుని, నీలం బండి దగ్గర కొన్న ఒబ్వజానెక్ రొట్టె తుంచుకుని తింటూ పావురాలను చూసింది. గంట కొట్టగానే మరియాత్స్కి చర్చి గోపురం పైనుంచి బూర మొదలైంది. పాట మధ్యలో టక్కున ఆగింది. అమ్మ తల పైకెత్తి అలాగే చూస్తోంది. "పాపం, దగ్గొచ్చిందేమో" అంది. 1241లో తాతార్లు దండెత్తి వస్తుంటే హెచ్చరిక ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని, అందుకే ఇప్పటికీ అక్కడే ఆపేస్తారని కథ చెప్పాను. ఇప్పుడు ఊదేది ఫైర్ సర్వీసువాళ్లని, నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు ఊదుతారని చెప్పాను. ఊదడం అయ్యాక పైనుంచి చెయ్యి ఊపాడు. అమ్మ కూడా ఊపింది. ఇంకో గంట కూర్చుందాం, మళ్లీ విందాం అంది. చలికి నా కాళ్లు కొయ్యబారిపోయాయి, అయినా కూర్చున్నాం.

ఆ రోజు ట్రామ్‌లో అమ్మ టికెట్‌కి ముద్ర కొట్టించింది నేనే. ప్రతిసారీ నేనే. అమ్మకు దాని గురించి చెప్పాల్సిన అవసరమే రాలేదు. అక్కావాళ్లకు చెప్పాలని తట్టకపోవడానికి కారణం అదేనని ఇది టైప్ చేస్తుంటేనే తెలిసింది. బావగారు అన్నదాంట్లో తప్పేముంది? నేను చెప్పలేదు. ఆయనకు దొరికింది నాలుగు రోజుల సెలవు, మళ్లీ ఎప్పుడొస్తారో. అన్నీ చూసేయాలనే ఆరాటం ఉండదా?

అయినా ఆష్విట్జ్ రేపు వద్దు. ఎల్లుండి ఒక్కటే పెట్టుకుందామని, సాయంత్రం ఇంకే పనీ వద్దని పొద్దున కాఫీ ఇస్తూ చెప్తాను. రేపు గని చాలు. దిగేటప్పుడు మొదట్లోనే 380 మెట్లు, అక్క మోకాళ్ల సంగతే నా భయం. పైకి మాత్రం లిఫ్ట్ ఉంది. లోపల వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, అక్క స్వెటర్ సంచీలో పెట్టేశాను.

ట్రామ్ ఎక్కగానే అందరి టికెట్లూ నేనే తీసుకుని ముద్ర కొట్టిస్తాను.