కదలని జాయ్‌స్టిక్

ఆదివారం. యార్డుకు సెలవు కాబట్టి ఫోన్లు లేవు. టిఫిన్ చేసి మేడమీది గదిలో కూర్చుంటే, మా ఆవిడ భోజనానికి గట్టిగా కేకేసేదాకా టైమే తెలియలేదు. కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట, ఫ్లైట్ సిమ్యులేటర్. దాని జాయ్‌స్టిక్‌కు నేను చేస్తున్న కొత్త బేస్, అంటే పిడి నిలబడే కింది భాగం, ఇవాళ్టికి ఒక కొలిక్కి వచ్చింది.

ఇది కదలదు. ముందుకు తోసినా, వెనక్కి లాగినా పిడి ఉన్నచోటే ఉంటుంది. తెర మీద విమానం మాత్రం లేస్తుంది, దిగుతుంది, పక్కకు ఒరుగుతుంది. చెయ్యి ఎంత దూరం జరిగిందన్నది దీనికి అక్కర్లేదు. ఎంత బలం పెట్టిందన్నదే లెక్క.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాను. సీజన్‌లో ఎక్కడ చూసినా టిక్కీల, అదే మిర్చి బస్తాల, గుట్టలే. తేజ రకం కాయ ఘాటుకు దగ్గుతూనే కాటా విప్పాలి, దగ్గుతూనే బిగించాలి. విప్పితే లోపల ఉండేది ఒక అల్యూమినియం దిమ్మె. లోడ్ సెల్ అంటాం. దాని మీద గోరంత ముక్కలు అంటించి ఉంటాయి, వాటిలో వెంట్రుకకన్నా సన్నటి రేకు గీతలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. అవే స్ట్రెయిన్ గేజ్‌లు. బరువు పడగానే దిమ్మె కంటికి తెలియనంతగా వంగుతుంది. వంగినచోట రేకు సాగుతుంది, సాగితే దాని రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డుపడే గుణం, పెరుగుతుంది. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమ్మన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు ఎవరికి వారుగా దీన్ని కనిపెట్టారు. అప్పట్లో రేకు కాదు, సన్నటి తీగ అంటించేవారు. యార్డులో రైతు ఏడాది కష్టానికి వచ్చే డబ్బు ఆ గోరంత ముక్క చెప్పే అంకె మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే నాకు దాని మీద గౌరవం.

అదే గేజ్‌ను విమానం నడిపే కర్రకు ఎందుకు పెట్టకూడదన్న ఆలోచన ఎఫ్-16 యుద్ధవిమానం గురించి చదివినప్పుడు పుట్టింది. పాత విమానాల్లో కర్రకూ రెక్కకూ మధ్య తీగలో, కడ్డీలో ఉండేవి. కర్ర జరిగితేనే రెక్క మీది పలక జరిగేది. ఎఫ్-16లో ఆ లంకె లేదు. పైలట్ చెయ్యి ఏం కోరుతోందో కంప్యూటర్‌కు కరెంటు సిగ్నల్‌గా చేరితే చాలు, పలకల్ని ఎంత తిప్పాలో అది చూసుకుంటుంది. పైగా ఆ విమానం మలుపులో 9 జీ దాకా పోతుంది. అంటే పైలట్ చెయ్యి దాని మామూలు బరువుకు తొమ్మిదింతలు తూగుతుంది. అలాంటప్పుడు కాళ్ల మధ్య కర్ర పట్టుకుని దాన్ని అటూ ఇటూ జరపడం పెద్ద పరీక్షే. అందుకని సీటును 30 డిగ్రీలు వెనక్కి వాల్చారు, కర్రను కుడిపక్కకు మార్చారు, మోచేతికి ఆనుడు పెట్టారు. మొదట్లో ఆ కర్ర అసలు కదిలేది కాదు, నొక్కిన బలాన్ని మాత్రమే కొలిచేది.

ఆ కర్రతో మొదట్లోనే ఒక గండం కూడా ఎదురైంది. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఎఫ్-16 మొదటి నమూనాను రన్‌వే మీద వేగంగా పరిగెత్తించి చూస్తున్నారు, ఎగరాలన్న ఉద్దేశమే లేదు. పక్కకు ఒరిగే కంట్రోల్ మరీ సున్నితంగా ఉండటంతో విమానం అటూ ఇటూ ఊగిపోయింది, తోక పలక నేలకు తగిలింది. ఇక ఆపడం కన్నా లేపడమే మేలని టెస్ట్ పైలట్ గాల్లోకి లేపేశాడు. ఆరు నిమిషాలు తిప్పి క్షేమంగా దించాడు. అధికారిక తొలి ప్రయాణం ఆ తర్వాత, ఫిబ్రవరి 2న. కదలని కర్రతో ఎంత నొక్కామో చేతికి తెలియడం లేదని పైలట్లు చెప్పడంతో, దానికి కాస్త ఆట ఇచ్చారు. పావు అంగుళం లాంటి చిన్న కదలిక. ఈ సంగతి మళ్లీ చెబుతాను, నా బేస్‌కూ ఇదే అవసరం పడింది.

ఇలాంటి బేస్‌లు కొనుక్కోవచ్చు కూడా. స్పెయిన్‌లో రియల్ సిమ్యులేటర్ అనే సంస్థ చేస్తుంది, పేరున్న పిడుల్ని నేరుగా దాని మీద బిగించుకోవచ్చు. మంచి సరుకని వాడినవాళ్లంతా అంటారు. కానీ ఆ డబ్బు మన జేబుకు అందేది కాదు. చేతిలో పని ఉంది, గేజ్‌లు అంటించడం తెలుసు, ఆటోనగర్‌లో లేత్ బాబాయ్ ఉన్నాడు.

బాబాయ్‌కి గీత గీసి చూపించాను. పన్నెండు మిల్లీమీటర్ల చదరపు అల్యూమినియం కడ్డీ, కింద పళ్లెం లాంటి మందపాటి ఫ్లాంజ్, పైన పాత జాయ్‌స్టిక్ పిడి ఎక్కే మర. "దేనికిరా అబ్బాయ్, కాటాకేనా?" అన్నాడు. విమానానికి అంటే ఒకసారి నా మొహం చూసి, నాలుగు ముఖాలూ అద్దంలా మిల్లింగ్ చేసి ఇచ్చాడు. అంత చదును వస్తుందని నేనూ అనుకోలేదు.

గేజ్ అంటించడం తొందరపడి చేసే పని కాదు. ముందు సన్నటి ఎమ్రీ కాగితంతో అడ్డంగా, నిలువుగా రుద్దాలి. తర్వాత అసిటోన్‌తో తుడవాలి. దూది మీద నలుపు కనిపించినంతసేపూ తుడుస్తూనే ఉండాలి, ఒకే వైపుకు, ఒకసారి వాడిన దూది మళ్లీ వాడకుండా. వేలు తగిలితే ఆ జిడ్డు చాలు, గమ్ పట్టదు. గేజ్‌ను టేపు మీద ఎత్తి, కడ్డీ మీది గీతకు సరిగ్గా ఆనించి, చుక్క గమ్ వేసి, టెఫ్లాన్ ముక్క మీదుగా బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. ఒంటి వేడికే గమ్ పడుతుంది. ముఖానికి రెండు చొప్పున మొత్తం ఎనిమిది అంటించాను. ఎదురెదురు ముఖాల మీదవి కలిపి ఒక బ్రిడ్జి, అంటే గేజ్‌ల మధ్య తేడాను సిగ్నల్‌గా ఇచ్చే సర్క్యూట్. పిడిని లాగితే ఒక ముఖం సాగుతుంది, ఎదుటి ముఖం కుంచించుకుంటుంది, రెండింటి తేడా కలిసి సిగ్నల్ పెద్దదవుతుంది. ఎండకు కడ్డీ వేడెక్కితే అన్ని గేజ్‌లూ ఒకేలా మారతాయి కాబట్టి ఆ మార్పు బ్రిడ్జిలో కొట్టుకుపోతుంది. మేడమీది గదిలో ఏసీ లేదు, గుంటూరు ఎండ సంగతి తెలిసిందే, అందుకే ఈ లాభం నాకు చిన్నది కాదు. 350 ఓమ్‌ల గేజ్‌లో గట్టిగా లాగినప్పుడు వచ్చే మార్పు అర ఓమ్ అటూ ఇటూ. దాన్ని పట్టుకోవడమే ఆట అంతా.

పట్టుకునే పని మా మేనల్లుడిది. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. గేజ్ సిగ్నల్‌ను అంకెగా మార్చడానికి నేను అలవాటుకొద్దీ కాటాల్లో వాడే హెచ్ఎక్స్711 చిప్ పెట్టాను. విమానం లేచింది కానీ చేతికీ తెరకూ మధ్య ఒక తడబాటు. నొక్కిన తర్వాత కాసేపటికి ఒరుగుతుంది, సరిదిద్దేలోగా ఎక్కువైపోతుంది. "మామయ్యా, ఇది సెకనుకు 80 సార్లే చదువుతుంది, స్థిరపడటానికి మళ్లీ 50 మిల్లీసెకన్లు. విమానానికి సరిపోదు" అన్నాడు. నాకది వెంటనే అర్థమైంది. కాటాలో నిదానమే మంచిది. టిక్కీ పడేసినప్పుడు ఊగుతుంది, హమాలీ చెయ్యి ఇంకా దాని మీదే ఉంటుంది, ఆ ఊగులాట అంతా సగటు తీసి ఒక్క అంకె దగ్గర నిలబెట్టాలి. నిలబడని అంకెను రైతు నమ్మడు. జాయ్‌స్టిక్‌లో ఆ ఊగులాటే కావాలి, అందులోనే పైలట్ మనసు ఉంది. ఇన్నేళ్లుగా నేను కాటాల్లోంచి తీసిపారేస్తున్నదాన్ని ఇక్కడ ఏరి దాచుకోవాలి. వాడు ఏడీఎస్1256 అనే వేగమైన చిప్ తెప్పించి ప్రోగ్రామ్ మార్చాడు. తడబాటు పోయింది.

ఇవాళ పొద్దున చేసింది కొలత. మనకు అలవాటైన పనే. పిడికి దారం కట్టి, టేబుల్ అంచున ఒక చిన్న కప్పీ మీదుగా కిందికి వదిలి, చివర తూకం రాళ్లు వేలాడదీశాను. అర కిలో, కిలో, రెండు కిలోలు, అయిదు. ఒక్కోదానికీ తెర మీద అంకె రాసుకున్నాను. తర్వాత అవే రాళ్లు ఒక్కొక్కటీ తీసేస్తూ మళ్లీ రాశాను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంకెలు కలవాలి. కలిశాయి. వెనక్కి లాగడానికి అయిదు కిలోలు, పక్కలకు మూడు కిలోలు పూర్తి బలంగా పెట్టుకున్నాను. అసలు విమానంలో ఇంతకన్నా గట్టిగా లాగాలి, కానీ గంటసేపు ఆడాలంటే నా మణికట్టుకు ఇదే సరి. చెయ్యి పక్కలకు వెనక్కి లాగినంత బలంగా నొక్కలేదు, అందుకే ఆ తేడా.

బేస్‌ను టేబుల్‌కు బిగిస్తే లాగినప్పుడల్లా టేబులే ముందుకు వచ్చేది. పాత ప్లాట్‌ఫాం కాటా ఇనప ఫ్రేమ్ ఒకటి మూలన పడి ఉంటే, దాన్ని కోసి కుర్చీ కుడిపక్క నిలబెట్టాను. మోచేతికి మెత్త కట్టాను. ఈ బేస్‌కు మోచేయి ఆనకపోతే ఎంత మంచి గేజ్ పెట్టినా దండగ.

భోజనాలయ్యాక అసలు పరీక్ష. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో ఎఫ్-16 తీసుకుని, గాల్లో ఇంధనం నింపే కేసీ-135 ట్యాంకర్ వెనక్కి వెళ్లాను. ఎఫ్-16లో మనం గొట్టం వెతుక్కోనక్కర్లేదు, ట్యాంకర్ కింద నిలకడగా ఉంటే పైనుంచి బూమ్ అనే గట్టి గొట్టం దించి వాళ్లే తగిలిస్తారు. కానీ ఆ నిలకడే కష్టం. పాత జాయ్‌స్టిక్‌తో ఇక్కడే నాకు టెన్షన్. నడుమ దగ్గర స్ప్రింగు కాస్త పట్టేసేది. దాన్ని దాటించడానికి తోస్తే అవసరానికి మించి జరిగేది, మళ్లీ వెనక్కి లాగాలి, ఆ తర్వాత విమానం పైకీ కిందికీ ఈత కొట్టేది. ఇప్పుడు నడుమ అంటూ ఒక చోటు లేదు. వేళ్ల బరువు కాస్త మారితే ముక్కు కాస్త లేస్తుంది, వదిలేస్తే ఆగుతుంది. ట్యాంకర్ పొట్ట కింద ముందుకు, వెనక్కి అని చెప్పే దీపాల వరుసలు ఉంటాయి. వాటిని చూస్తూ చేతిని మరిచిపోయాను. ఇంధనం అంకె పెరగడం మొదలైంది. నింపడం పూర్తయి బూమ్ విడిపోయేదాకా తగులుకునే ఉంది. మేనల్లుడు పక్కనుంచి "మామయ్యా, కదలకు, కదలకు" అంటూనే ఉన్నాడు.

ఒక ఇబ్బంది మిగిలింది. గట్టి మలుపులో ఎంత లాగినా ఇంకా లాగాలనిపిస్తుంది. అయిదు కిలోలు దాటిన సంగతి చేతికి తెలియదు. అప్పటి పైలట్లు చెప్పిందీ ఇదే. ఫ్లాంజ్ కింద గట్టి రబ్బరు వాషర్లు వేసి కొద్దిగా ఆట ఇచ్చాను. గేజ్‌లు రబ్బరుకు పైన ఉన్నాయి కాబట్టి కొలత చెడదు, బలం ఎలాగూ కడ్డీ గుండానే దిగాలి. ఆ కొంచెం కదలికతో చేతికి ధైర్యం వచ్చింది. మరీ మెత్తటి రబ్బరు వేస్తే ఈ బేస్ చేసి ప్రయోజనం లేదు, ఇప్పుడున్నదే సరైన గట్టిదనం అనుకుంటున్నాను. బోల్టుల పక్కన స్టాపర్లు కూడా వెయ్యాలి. మా అబ్బాయి మీద పడి ఊగాడంటే కడ్డీ వంగి గేజ్‌లు పోతాయి.

అన్ని విమానాలకూ ఇది నప్పదని కూడా సాయంత్రం తేలింది. గన్నవరం నుంచి సెస్నా అనే చిన్న విమానం తీసుకుని ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణ వెంట వెళ్దామని చూస్తే, చేతికి ఏదీ అందలేదు. సెస్నాలో యోక్, అంటే స్టీరింగ్ లాంటి పిడి, నిజంగానే జరగాలి, ఎంత జరిగిందో చూసే దాన్ని నడుపుతాం. దానికి పాత స్ప్రింగు బేసే మేలు. దాన్ని పారెయ్యను.

"మామయ్యా, పెడల్స్‌కి కూడా గేజ్‌లు పెట్టేద్దామా?" అని వాడు వెళ్తూ వెళ్తూ అడిగాడు. బ్రేకులకు పెడదాం అన్నాను. బ్రేకు ఎలాగూ కాలి బలంతో తొక్కేదే. విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్‌కు మాత్రం వద్దు, ఆ పెడల్స్‌తోనే సెస్నా కూడా నడపాలి. మిగిలిన గేజ్‌లు నాలుగు ఉన్నాయి, రెండు బ్రేకులకూ సగం బ్రిడ్జిలుగా సరిపోతాయి. వచ్చే ఆదివారం బాబాయ్ షాపు తీస్తాడో లేదో కనుక్కోవాలి.