కేసరి జూలు గెలిచింది, కన్ను ఓడింది: చౌచౌతో షోకి వెళ్లిన నా అనుభవం

పాలకొల్లులో చౌచౌ జాతి కుక్కను పెంచుతున్నానంటే అందరూ అడిగేది ఒకటే: ఈ ఉక్కలో అంత బొచ్చుతో ఎలా బతుకుతుందని. మా కేసరికి బొచ్చు ఏనాడూ సమస్య కాలేదు. ఏసీ గది, తెల్లవారుజామున కాలవగట్టు మీద నడక, రోజూ చర్మం దాకా పాయలు తీసి దువ్వడం. స్నానం చేయించాక మాత్రం లోపలి మెత్తటి పొర పూర్తిగా ఆరేదాకా బ్లోయర్ పట్టాల్సిందే. పైపైన ఆరితే చాలనుకుంటే మన గోదావరి జిల్లాల తేమకు నాలుగు రోజులు తిరిగేసరికి చర్మం పుండు పడుతుంది. వేసవిలో గొరిగించమని సలహా ఇచ్చేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. అంతర్జాతీయ కెన్నెల్ సంస్థ ఎఫ్‌సీఐ చౌచౌ జాతికి పెట్టిన 205వ నంబరు ప్రమాణం పాదాల దగ్గరి బొచ్చు సర్దుకోనిస్తుందే తప్ప, సహజమైన ఆకారం మారేలా కత్తిరిస్తే ఒప్పుకోదు.

జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు, మైక్రోచిప్, డాగ్ షో ఎంట్రీ ఇబ్బంది లేకుండా అయిపోయాయి.

రింగులో జడ్జి ముందు జూలులోకి వేళ్లు పోనిచ్చి చూశారు. పై బొచ్చు కాస్త గరుకుగా, నిటారుగా నిలబడాలి, లోపలిది ఉన్నిలా ఉండాలి. ఆయన తృప్తిగా తలాడించారు. నీలినలుపు నాలుక చూశారు, తోక కింది లేత రంగు చూసి ఏమీ అనలేదు, అది మామూలే. ఎరుపులో అంత నిండైన బొచ్చు ఆ రోజు మరే చౌచౌకూ లేదని గట్టిగా చెప్పగలను.

తర్వాత ఆయన వంగి, కేసరి నుదుటి ముడతను బొటనవేలితో పైకెత్తారు. కుడి కంటి కింది రెప్ప అంచు కనిపించలేదు. అది లోపలికి ముడుచుకుపోయి, అంచు మీది వెంట్రుకలు తడిసి నల్లగుడ్డుకు అంటుకుని ఉన్నాయి. ‘ఈ కన్ను ఎప్పటి నుంచి కారుతోంది?’ అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా అడిగారు. పిల్లగా ఉన్నప్పటి నుంచి అన్నాను. ‘అప్పటి నుంచీ దీనికి నొప్పేనండీ’ అని పక్క కుక్క దగ్గరికి వెళ్లిపోయారు. వెనక ఎవరో నవ్వారు. మా బావ నా భుజం పట్టుకుని ‘పద, పోదాం’ అన్నాడు. తల ఎత్తలేకపోయాను.

నాకు మండిపోయింది జడ్జి మీద కాదు. కన్ను కారుతోందని కేసరిని అమ్మినాయనకు ఎన్నోసార్లు ఫోను చేశాను. ‘ఈ జాతి అంతేనండీ, మొహం ముడతలు పడితేనే గిరాకీ’ అనేవాడు. దగ్గర్లోని డాక్టరు కూడా అదే మాట చెప్పి చుక్కల మందు రాసి పంపేవాడు. ఎఫ్‌సీఐ ప్రమాణంలో ఉన్నదేమిటి? కళ్లు ముదురు రంగులో, కోలగా, మధ్యస్థంగా, శుభ్రంగా ఉండాలి. నీలం, ఫాన్ (లేత గోధుమ) రంగు కుక్కలకు మాత్రం బొచ్చుకు తగిన రంగు కన్ను ఉండవచ్చు. రెప్ప ముడుచుకోని శుభ్రమైన కంటిని కేవలం సైజు చూసి తక్కువ చేయకూడదని కూడా అందులోనే ఉంది. ముడతల కోసం కన్ను పాడుచేయమని ఎక్కడా లేదు. మూగజీవి నొప్పిని అందమని చెప్పి డబ్బు తీసుకోవడం పాపం. ఆ మాట అతని మొహం మీదే అన్నాను.

గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాం. కంట్లో నారింజ రంగు మందు వేసి నీలి లైటు పెడితే, నల్లగుడ్డు మీద గీత పచ్చగా మెరిసింది. రెప్ప వెంట్రుకలు ఒరుసుకుని పడిన పుండు అది. రెప్ప కింద చంద్రవంకలా సన్నటి చర్మం తీసేసి కుట్టారు, దాంతో అంచు బయటికి తిరిగింది. కన్ను గోక్కోకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు, వేళకు చుక్కలు. ఈ వారమే కుట్లు విప్పారు. కేసరి ఇప్పుడు వీధి లైటు వైపు కన్ను చికిలించకుండా చూస్తోంది.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ నిబంధనల్లో ఈ ఆపరేషన్ అయిన కుక్క షోకి పనికిరాదు. ఇక్కడ ఎవరైనా ఒప్పుకున్నా నేను తీసుకెళ్లను. రెప్ప లోపం పిల్లలకూ వస్తుంది కాబట్టి జత కట్టించనని అడిగినవాళ్లందరికీ చెప్పేశాను. మీరు పిల్లను కొనేటప్పుడు తల్లినీ తండ్రినీ పగటి వెలుతురులోకి తెప్పించుకుని, నుదుటి ముడత ఎత్తి రెప్ప అంచు చూడండి. కళ్లకు ఆపరేషన్ జరిగిందా అని సూటిగా అడగండి. సమాధానం దాటవేస్తే అడ్వాన్సు ఇవ్వకండి.