అడుగు డబ్బాలో దొరికింది

74189 అనే పాత మెమరీ చిప్పు కోసం కోఠి గుజరాతీ గల్లీలో మధ్యాహ్నమంతా తిరిగాను. సున్నాలూ ఒకట్లూ చూసి జవాబిచ్చే నాండ్ గేట్ల చిప్పు 7400 ఎక్కడ అడిగినా ఉంది. 74189 అనగానే "అదెప్పుడో ఆగిపోయిందన్నా, ఇప్పుడెవరూ అడగరు" అన్నారు.

నిజమే. నాండ్ గేటు ఏ సర్క్యూట్‌లోనైనా పనికొస్తుంది, అందుకే ఇంకా తయారవుతోంది. 74189 మాత్రం 64 బిట్లు, అంటే 64 సున్నాలో ఒకట్లో, గుర్తుంచుకునే ర్యామ్: 16 గదులు, గదికి 4 బిట్లు. వేల బైట్లు ఒక్క చిప్పులోకి వచ్చేశాక దీంతో ఎవరికి పని? లెక్కలు చేసే 74181 చిప్పునీ మైక్రోప్రాసెసర్లు అలాగే మింగేశాయి.

చివరికి ఒక పెద్దాయన అడుగు డబ్బాలోంచి రెండు తీసిచ్చారు. చిప్పుల కాళ్లు నల్లబడి ఉన్నాయి. రబ్బరుతో మెల్లగా రుద్ది, టంకం లేకుండా సర్క్యూట్ కట్టే చిల్లుల పలక బ్రెడ్‌బోర్డులో గుచ్చాను. సున్నా రాస్తే ఒకటి చూపించింది. దాని తీరే అంత, సున్నాని ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చే 7404 చిప్పులు కలిపి తిప్పుకోవాలి. తిప్పాను. రాసిన 8 బిట్లూ ఎల్‌ఈడీల మీద అలాగే నిలిచాయి. కళ్లు చెమర్చాయి.