మందుల కవరు

పాప పుట్టిన ఆరో వారంలో డాక్టరు గారు నాకున్నది ప్రసవానంతర కుంగుబాటని చెప్పి సెర్ట్రలిన్ మాత్రలు రాశారు. "పచ్చి బాలింతకు ఇలాంటి మందులేమిటి, పాలు చెడిపోవూ?" అని ఇంట్లో అనడంతో, అయిదు రోజులు వేసుకుని, గుణమేమీ కనిపించక మానేశాను. డైపర్ల కోసం వెళ్లినప్పుడు మెడికల్ షాపులోని ఫార్మసిస్టు గారు "రెండో స్ట్రిప్ తీసుకెళ్లలేదేమ్మా?" అని మెల్లగా అడిగారు. కౌంటరు దగ్గరే ఏడ్చేశాను.

ఆవిడ స్టూలు వేసి కూర్చోబెట్టి, ఈ మందు తల్లిపాలలోకి చాలా స్వల్పంగానే చేరుతుందని, అందుకే పాలిచ్చే తల్లులకు తరచుగా దీనినే ఎంచుకుంటారని, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చని, మొదట్లో ఉండే వికారం సాధారణంగా తగ్గిపోతుందని ఓపికగా వివరించారు. మోతాదు గురించి తాను ఏమీ చెప్పకుండా, అక్కడి నుంచే డాక్టరు గారికి ఫోను చేయించారు. చనిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగారు; ఆ మాట అంతవరకూ మా ఇంట్లో ఎవరూ అడగలేదన్నది నాకు ఇప్పటికీ బాధే. అలా అనిపిస్తే ఏ వేళనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు ఫోను చేయమంటూ మందుల కవరు మీద 14416 అని పెద్ద అంకెలతో రాసిచ్చారు.

మందు మళ్లీ మొదలుపెట్టిన నాలుగో వారంలో ఒక ఉదయం పాపకు నూనె రాస్తూ నేను కూనిరాగం తీస్తున్నానని అమ్మ గమనించింది. ఆ కవరు ఇప్పటికీ పాప టీకాల కార్డులోనే ఉంది.