దెబ్బలు తింటే సాక్ష్యం నిజమైపోతుందా?

"మేము కన్నవాటిని విన్నవాటిని చెప్పక యుండలేము" (అపొ. 4:20). యేసు పేరెత్తవద్దని బెదిరించిన యూదుల మహాసభకు పేతురు యోహానులు ఇచ్చిన జవాబు ఇది. పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు సంఘాల ఉజ్జీవ సభల్లో ఈ వచనం ఎత్తగానే వెనకే ఇంకో మాట వస్తుంది: "యేసు శిష్యులు పన్నెండుమందీ హతసాక్షులయ్యారు, అబద్ధం కోసం ఎవడైనా చస్తాడా?" అయ్యలారా, యూదా ఉరేసుకున్నాడు. యోహాను ముసలితనంలో కన్నుమూశాడని సంప్రదాయం. హతుడయ్యాడని అపొస్తలుల కార్యాలు చెప్పే అపొస్తలుడు జెబెదయి కొడుకు యాకోబు ఒక్కడే (12:2). ప్రభువు సహోదరుడైన యాకోబు 62లో రాళ్ల దెబ్బలకు గురయ్యాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. పేతురు పౌలుల శ్రమలు రోమా సంఘం కొరింథుకు రాసిన పాత ఉత్తరంలో ఉన్నాయి. మిగతావారి మరణాలు చాలావరకు తర్వాతి శతాబ్దాల కథనాలే.

పోనీ, దెబ్బలు దేన్ని రుజువు చేస్తాయి? లాభం కోసం అల్లింది కాదని. అంతవరకే. చూసినవాడు పొరబడలేదని అవి చెప్పవు. మోర్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌ను 1844లో జైల్లోనే కాల్చి చంపారు. అతని మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పిన బంగారు రేకులు చూశామన్న ముగ్గురు సాక్షులు అతనితో తెగతెంపులు చేసుకున్నాక కూడా ఆ మాట మార్చలేదు. అందుకని మనం ఆ రేకుల్ని నమ్ముతున్నామా?

కాబట్టి మూడు సంగతులు ఆరా తీయాలి: తన కళ్లతో చూశాడా, ఆ మాట అన్నందుకే కొట్టారా, నోరు మూసుకుంటే వదిలేసేవారా. 112 ప్రాంతంలో రోమా అధిపతి ప్లినీ ముందు నిలబడ్డవాళ్లకు క్రీస్తును దూషిస్తే విడుదల దొరికేది, కానీ వాళ్లు పునరుత్థానాన్ని చూసిన తరం కాదు. మన పొరుగు కంధమాల్‌లో 2008లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ఇళ్లు కాలినా నిలబడ్డవాళ్లూ అంతే. వాళ్లది విశ్వాసానికి సాక్ష్యం. ఆ కన్నీళ్లను వాదన గెలవడానికి వాడుకోకండి, దయచేసి.

పేతురు యోహానులకు మూడూ కుదురుతాయి. యేసు నామం ఎత్తకపోతే చాలు, ఇంటికి పోవచ్చు. అయినా అపొస్తలుల కార్యాలు రాసిన లూకా బరువంతా బెదిరింపుల మీద పెట్టలేదు, చూడండి. వాళ్లు యేసు నామంలో బాగుచేసినవాడు పుట్టుకుంటివాడు, నలభై దాటినవాడు, రోజూ శృంగార ద్వారం దగ్గర అడుక్కుంటూ ఊరందరికీ తెలిసినవాడు. వాడి పాదాలూ చీలమండలూ బలం పొందాయని అవయవాల పేర్లతో సహా రాశాడు. వాడు పక్కనే నిలబడి ఉంటే మహాసభవారికి నోట మాట రాలేదు (4:14). కాదనలేమని వాళ్లే ఒప్పుకున్నారు (4:16). కొరడా దెబ్బలు ఆ తర్వాతి అధ్యాయంలో గాని పడలేదు. పౌలు కూడా, తిరిగి లేచిన యేసును చూసిన అయిదు వందల పైచిలుకు మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారన్నాడు (1 కొరింథీ 15:6). అంటే వెళ్లి అడగమనేగా!

మరి మన సభల్లో? స్వస్థత సాక్ష్యం చెప్పేవాళ్లను మైకు దగ్గరికి పిలిచే ముందు కాపరి అయ్యగారు జబ్బు పేరు, మొదలైన నెల అడగాలి. బరంపురం పెద్దాసుపత్రి చీటీలు ముందువీ తర్వాతవీ పక్కపక్కన పెట్టి చూడాలి. మందులు ఇంకా మింగుతున్నారేమో కనుక్కోవాలి. సంఘంలో లేని ఇరుగుపొరుగును ఇద్దరిని విడివిడిగా విచారించాలి. మాటలు కలవకపోతే ఆ వారం మైకు ఇవ్వకండి. "మా ఇంట్లోవాళ్లు నన్ను కొట్టారు" అని ఆ మనిషి ఏడ్చినా సరే, ముందు ఓదార్చండి, చీటీలు ఆ తర్వాత అడగండి.